అసెంబ్లీలో మన డ్రైన్ గురించి మాట్లాడారంట, ఆ తర్వాత ఆ మాట ఎక్కడికెళ్తుంది?

సార్వారైతు_పగోజి
అందరికీ నమస్కారమండి. నాది నాలుగెకరాల చేను, ఒక మీడియం డ్రైన్, అదే మురుగు కాలవ, గట్టుకి ఆనుకునే ఉంటది. 2025 అక్టోబర్లో మొంథా తుఫాను టైములో ఈనిక మీదున్న చేను అయిదు రోజులు నీళ్ళలోనే ఉండిపోయింది. కారణం వాన ఒక్కటే కాదండి, డ్రైన్ నిండా గుర్రపు డెక్క, తూడు, కిక్కిస లాంటి కలుపు పేరుకుపోయి నీళ్ళు కదలవు. మూడేళ్ళ నుంచీ సంబంధిత ఆఫీసుకి అర్జీలు ఇస్తూనే ఉన్నాం, ఎస్టిమేట్ పంపాం అంటారు, అంతే. మొన్నేమో మా ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో దీని గురించి మాట్లాడిన వీడియో గ్రూపుల్లో వచ్చింది, రెండు నిమిషాలుంది, మంత్రి గారు లేచి పరిశీలిస్తాం అన్నారు, ఊరంతా స్టేటస్ పెట్టుకున్నారు. నాకున్న ప్రశ్న ఒకటేనండి. ఆ మాట ఇప్పుడు ఎక్కడుంది? ఎవరన్నా రాసుకున్నారా? అసలు ఆ సభలో ఎవరి పని ఏంటి, స్పీకర్ పని ఏంటి, ఈ కమిటీలంటే ఏంటి, తెలిసినవాళ్ళు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దండి, దణ్ణం పెడతా.

కోనసీమ_మాస్టారు
బాబూ, ముందు ఒక్క విషయం చూసి చెప్పండి. ఆ వీడియోలో ఆయన మాట్లాడింది ప్రశ్నోత్తరాల టైములోనా, జీరో అవర్ లోనా, లేకపోతే అసెంబ్లీ రూల్ 344 కింద చర్చ నడుస్తుంటే అందులోనా? టీవీలో అన్నీ ఒకేలా కనపడతాయి కానీ మూడింటికీ చాలా తేడా ఉంది. నేను ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను, పిల్లలకి శాసనసభ పాఠం చెప్పిన ప్రతిసారీ ఈ తేడా పుస్తకంలో లేదే అని బాధపడేవాణ్ణి.

సార్వారైతు_పగోజి
ఇప్పుడే మళ్ళీ చూశా మాస్టారూ. కింద స్క్రోలింగ్ లో జీరో అవర్ అని ఉంది.

లాకుల_గట్టు
జీరో అవర్ అంటే లెక్కలోకి రాని టైమా అండి??

కోనసీమ_మాస్టారు
అలా కాదు తమ్ముడూ. సభ రోజూ మామూలుగా ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. దానికి ఎమ్మెల్యే ముందే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది శాసనసభ సచివాలయానికి వెళ్తుంది, స్పీకర్ అనుమతిస్తే సంబంధిత శాఖకి వెళ్తుంది, ఆ శాఖ వాళ్ళు కింద అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) దాకా సమాచారం తెప్పించుకుని జవాబు తయారు చేస్తారు. అంటే మీ డ్రైన్ గురించి ప్రశ్న పడిందంటే మీ సెక్షన్ ఆఫీసులో ఎవరో ఒకళ్ళు ఫైలు తీసి కాగితం రాయక తప్పదు. అందులోనే సగం పనుంది. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి లేచి నోటితో చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేసి నిలదీయొచ్చు. నక్షత్రం లేనిదానికి రాతపూర్వకంగా జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలుండవు.

జీరో అవర్ అనేది ఆనవాయితీగా వచ్చింది. ప్రశ్నోత్తరాలయ్యాక సభ్యులు తమ ఊళ్ళ సమస్యలు గబగబా సభ దృష్టికి తెస్తారు. మంత్రి అప్పటికప్పుడు పూర్తి జవాబు చెప్పాల్సిన పని లేదు, నోట్ చేసుకున్నాం, పరిశీలిస్తాం అంటారు. తప్పేం లేదు, పొద్దున్నే లేచిన సమస్యకి మధ్యాహ్నానికి లెక్కలు ఎక్కడి నుంచి తెస్తారు. అయితే మాట మాత్రం గాల్లో కలవదు. రిపోర్టర్లు సభలో ప్రతి మాటా రాసుకుంటారు, అది సభా కార్యక్రమాల రికార్డులో ఉంటుంది. స్పీకర్ తొలగించమన్న మాటలు తప్ప.

గ్రూప్2_తపన
మాస్టారు చెప్పిందానికి ఒక చేర్పు అండి. జీరో అవర్ కంటే కాస్త బలమైనవి ఇంకా ఉన్నాయి. మన అసెంబ్లీ రూల్స్ లో 74 కింద సావధాన తీర్మానం, అంటే ఒక అత్యవసర ప్రజా విషయం మీద మంత్రి దృష్టిని లాగి ఆయన చేత ప్రకటన చేయించడం. 344 కింద స్వల్పకాలిక చర్చ, దీనికి ఓటింగ్ ఉండదు కానీ గంటల కొద్దీ మాట్లాడుకోవచ్చు. తుఫాను నష్టం లాంటివి సాధారణంగా అందులోకే వస్తాయి. వాయిదా తీర్మానం అనేది ఇంకో పెద్ద ఆయుధం, మిగతా పనులన్నీ ఆపి ఇది చర్చించండి అని. అది ఒప్పుకునేది చాలా అరుదు, రోజూ పొద్దున్న పేపర్లో వాయిదా తీర్మానం తిరస్కరణ అని చదువుతాం కదా అదే.

లాకుల_గట్టు
ఇవన్నీ ఒప్పుకోవాలా వద్దా అనేది స్పీకర్ గారి ఇష్టమేనా? అంత పవర్ ఉంటదా

లాయరమ్మ_కాకినాడ
దాదాపు అంతే. అందుకే స్పీకర్ కుర్చీ గురించి సరిగ్గా తెలుసుకోవాలి. రాజ్యాంగం 178వ అధికరణం ప్రకారం సభ తన సభ్యుల్లోంచే ఒక స్పీకర్ని, ఒక డిప్యూటీ స్పీకర్ని ఎన్నుకుంటుంది. ముఖ్యమంత్రి నియమించేది కాదు, గవర్నర్ నియమించేదీ కాదు. గవర్నర్ నియమించేది ప్రొటెం స్పీకర్ని, అది కొత్త సభ్యుల చేత ప్రమాణం చేయించడానికి, స్పీకర్ ఎన్నిక అయ్యే వరకు. 2024 జూన్లో మన రాజమండ్రి రూరల్ గోరంట్ల బుచ్చయ్య చౌదరి గారు ప్రొటెం స్పీకర్ గా అందరి చేతా ప్రమాణం చేయించారు, ఆ తర్వాత అయ్యన్నపాత్రుడు గారు స్పీకర్ గా ఎన్నికయ్యారు, అదే ఏడాది నవంబర్లో మన ఉండి ఎమ్మెల్యే రఘురామకృష్ణరాజు గారు డిప్యూటీ స్పీకర్ అయ్యారు. వీళ్ళిద్దరూ లేనప్పుడు నడపడానికి ప్యానెల్ స్పీకర్లని స్పీకరే పెట్టుకుంటారు.

స్పీకర్ని దించాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అప్పటికి సభలో ఉన్న మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి. హాజరైనవాళ్ళలో కాదు, మొత్తంలో. 175 మందీ ఉంటే 88. ఆ తీర్మానం నడిచేటప్పుడు ఆయన కుర్చీలో కూర్చోకూడదు, కింద సభ్యుడిలా కూర్చుని మాట్లాడొచ్చు, ఓటెయ్యొచ్చు. మామూలు రోజుల్లో మాత్రం స్పీకర్ ఓటెయ్యరు, ఇటూ అటూ సమానమైతేనే నిర్ణాయక ఓటు వేస్తారు. ఇంకో విషయం చాలామందికి తెలీదు, అసెంబ్లీ రద్దయినా స్పీకర్ పదవి వెంటనే పోదు, కొత్త సభ మొదటిసారి కూర్చునే ముందు వరకూ ఆయనే స్పీకర్. ఆ కుర్చీ ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండకూడదని.

కొబ్బరితోట_అంబాజీపేట
స్పీకర్ అంటే మా కోనసీమోళ్ళకి ముందు గుర్తొచ్చేది బాలయోగి గారేనండి ఆయ్. అసెంబ్లీ కాదు లోకసభే అనుకోండి, అయినా చెప్పాలి. ఎదుర్లంక నుంచి వెళ్ళి ఢిల్లీలో ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. 1999 ఏప్రిల్ 17 న వాజపేయి గారి విశ్వాస పరీక్ష జరిగినప్పుడు గిరిధర్ గమాంగ్ అనే ఎంపీ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిపోయారు కానీ ఎంపీ పదవికి రాజీనామా చెయ్యలేదు, ఆయన ఓటు వెయ్యొచ్చా లేదా అని పెద్ద గొడవ, బాలయోగి గారు అది ఆయన అంతరాత్మకే వదిలేశారు, ఆయన వేశారు, 269 కి 270, ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. బాలయోగి గారి పార్టీ ఆ ప్రభుత్వానికి మద్దతిస్తున్న పార్టీ అండి. ఆ కుర్చీలో కూర్చున్నాక మన పక్కా వాళ్ళ పక్కా అని ఉండకూడదు అనేదానికి నేను మా పిల్లలకి ఇదే చెప్తా. 2002 మార్చి 3 న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ రోజు మా ఊళ్ళో పొయ్యి వెలగలేదండి.

కోనసీమ_మాస్టారు
నిజం. లోకసభ స్పీకర్ అయ్యేముందు ఆయన కూడా మన ముమ్మిడివరం నుంచి ఎమ్మెల్యేగా, ఉన్నత విద్య మంత్రిగా చేశారు. అసెంబ్లీలో అయితే మన తూర్పు గోదావరి నుంచి తుని యనమల రామకృష్ణుడు గారు 1995 నుంచి 1999 దాకా స్పీకర్. ఇప్పుడు మండలి చైర్మన్ కొయ్యే మోషేను రాజు గారు మన పశ్చిమ గోదావరి వారే, 2021 నవంబర్ నుంచి.

కువైట్_నర్సాపురం
ఇక్కడ డ్యూటీ దిగి ఇప్పుడే చదువుతున్నా, చాలా బాగుంది అందరూ చెప్పేది. నాకు తెలిసింది కూడా చెప్తా, కింది సభ అసెంబ్లీ పై సభ మండలి కదా, బిల్లు మీద రెండింటికీ పొత్తు కుదరకపోతే రెండు సభల్నీ కలిపి కూర్చోబెట్టి ఓటింగ్ పెడతారు, ఎక్కువమంది అసెంబ్లీలోనే ఉంటారు కాబట్టి వాళ్ళ మాటే నెగ్గుద్ది.

లాయరమ్మ_కాకినాడ
అన్నా, అది పార్లమెంటుకి. రాష్ట్రంలో ఉమ్మడి సమావేశం పెట్టి బిల్లు తేల్చడం అనేది లేనే లేదు. ఇక్కడ పద్ధతి వేరు. అసెంబ్లీ పాస్ చేసిన మామూలు బిల్లుని మండలి తిరస్కరించినా, మార్చినా, 3 నెలలు అట్టే పెట్టుకున్నా, అసెంబ్లీ మళ్ళీ పాస్ చేసి పంపుతుంది. రెండోసారి మండలి 1 నెల మించి ఆపలేదు, ఆ తర్వాత అసెంబ్లీ పాస్ చేసిన రూపంలోనే రెండు సభలూ ఆమోదించినట్టు లెక్క. అదే ద్రవ్య బిల్లు అయితే మండలిలో పుట్టనే పుట్టదు, అసెంబ్లీలోనే పెట్టాలి, మండలికి 14 రోజులే టైము, వాళ్ళ సిఫార్సులు అసెంబ్లీ తీసుకోవచ్చు, వదిలెయ్యొచ్చు. ఏది ద్రవ్య బిల్లు అనేది తేల్చేది కూడా స్పీకరే. రెండు సభలూ కలిసి కూర్చునేది గవర్నర్ ప్రసంగానికి, అక్కడ ఓటింగ్ ఏమీ ఉండదు.

కువైట్_నర్సాపురం
ఓహో, ఇన్నేళ్ళూ తప్పు అనుకున్నానన్నమాట. థాంక్స్ అక్కా. మరి ఆపలేనప్పుడు మండలి ఎందుకు?

గ్రూప్2_తపన
ఆ ప్రశ్న మన రాష్ట్రంలో పాతదే. 1958 లో మండలి వచ్చింది, 1985 లో రద్దు చేశారు, 2007 లో మళ్ళీ వచ్చింది, 2020 జనవరిలో రద్దు చెయ్యమని అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021 నవంబర్లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. అసెంబ్లీ తీర్మానం చేసినంత మాత్రాన పోదు, పార్లమెంటు చట్టం చెయ్యాలి. ఇప్పుడు 58 మంది. అందులో 20 ఎమ్మెల్యేలు ఎన్నుకునేవి, 20 స్థానిక సంస్థలవి, 5 పట్టభద్రులవి, 5 టీచర్లవి, 8 గవర్నర్ నామినేట్ చేసేవి. మన ఉభయ గోదావరి జిల్లాలకి కలిపి ఒక పట్టభద్రుల సీటు, ఒక టీచర్ల సీటు ఉన్నాయి, 2025 ఫిబ్రవరిలో నేను మొదటిసారి ఓటేసింది ఆ పట్టభద్రుల సీటుకే. నా అభిప్రాయం, 3 నెలలు ఆలోచించుకునే టైము దొరకడం కూడా చిన్న విషయం కాదు.

అడ్మిన్_గోదారి
మండలి ఉండాలా వద్దా అని వేరే టాపిక్ పెట్టుకోండి దయచేసి. ఇక్కడ డ్రైన్, అసెంబ్లీ. రెండు పోస్టులు పార్టీ తిట్లు ఉన్నాయని తీసేశాను.

లాకుల_గట్టు
సరే నా డౌట్ ఒకటి. ఎక్కడ చదివినా 18 అనే అంకె వస్తది. ప్రతిపక్షానికి 18, కోరానికి 18, పీఏసీకి 18. ఇవన్నీ ఒకటే రూలా?

లాయరమ్మ_కాకినాడ
మంచి ప్రశ్న, చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా ఇవి కలిపేస్తారు. అంకె ఒకటే, వేళ్ళు మూడు వేరు.

కోరం రాజ్యాంగంలో ఉంది. సభ నడవాలంటే 10 మంది గానీ మొత్తంలో పదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అది ఉండాలి. 175 లో పదో వంతు పదిహేడున్నర, అంటే 18 మంది. అంతకంటే తక్కువుంటే సభాపతి వాయిదా వెయ్యాలి లేదా కోరం వచ్చేదాకా ఆపాలి.

పీఏసీ లెక్క ఎన్నిక పద్ధతి నుంచి వచ్చింది. ప్రజా పద్దుల కమిటీలో అసెంబ్లీ నుంచి 9 మంది, మండలి నుంచి 3. ఆ 9 మందిని నైష్పత్తిక ప్రాతినిధ్యంలో, అంటే ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు వచ్చే పద్ధతిలో ఎన్నుకుంటారు. 175 ని, సీట్లు 9 కి 1 కలిపిన 10 తో భాగించి, పైన మిగిలిన ముక్క వదిలేసి 1 కలిపితే 18. అన్ని ఓట్లు వస్తే ఒక సీటు ఖాయం. ఇది ఎవరో పెట్టిన హద్దు కాదు, ఉత్త లెక్క.

ప్రతిపక్ష నాయకుడి హోదాకి పదో వంతు అనేది మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. లోకసభ మొదటి స్పీకర్ మావలంకర్ గారి కాలంలో ఒక గుంపుని పార్టీగా సభలో గుర్తించడానికి పెట్టుకున్న కొలత అది. పార్లమెంటులో 1977 చట్టం ప్రతిపక్షాల్లో ఎక్కువమంది ఉన్న పార్టీ నాయకుడు, స్పీకర్ గుర్తించినవారు అని మాత్రమే అంటుంది. 2015 లో ఢిల్లీ అసెంబ్లీలో 70 కి 3 ఉన్న పార్టీకి కూడా అక్కడి స్పీకర్ ఆ హోదా ఇచ్చారు. మన దగ్గర 2024 లో 11 మంది గెలిచిన పార్టీ విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. ఎవరి వైపు న్యాయం ఉంది అనేది ఇక్కడ మాట్లాడను, అడ్మిన్ గారు తీసేస్తారు. ఇది లెక్క కాదు, చట్టాన్నీ ఆనవాయితీనీ ఎలా చదువుతాం అనే ప్రశ్న.

లాకుల_గట్టు
అర్థమైంది అక్కా!! ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు

సార్వారైతు_పగోజి
నాకు ఇంకా డ్రైన్ దగ్గరికి రాలేదండి 🙏 కమిటీల సంగతి చెప్పండి. మంత్రి గారు పరిశీలిస్తాం అన్నారు కదా, అది పట్టుకునే నాథుడు ఉన్నాడా లేదా?

కోనసీమ_మాస్టారు
ఉన్నాడు బాబూ. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. సభలో మంత్రులు చేస్తాం, చూస్తాం, త్వరలో పూర్తి చేస్తాం అన్న మాటల్ని ఏరి, అది జరిగిందా లేదా అని శాఖల్ని పిలిపించి అడగడమే దాని పని. లోకసభలో అయితే ఎలాంటి మాటలు హామీ కింద లెక్క అని పట్టికే ఉంది, నేను చూస్తాను అన్నా కూడా అందులోకే వస్తుంది. మన ఎమ్మెల్యేలు ఈ కమిటీని వాడుకోవాల్సినంత వాడుకోవట్లేదు అని నాకు గట్టిగా అనిపిస్తుంది. టీవీలో కనపడదు కదా, కమిటీ గదిలో కెమెరాలుండవు.

ఇంకా మీ పనికి దగ్గరగా ఉన్నవి చెప్తాను. పిటిషన్ల కమిటీ, ఆనవాయితీగా డిప్యూటీ స్పీకర్ దాని అధ్యక్షులు. ప్రజలిచ్చే అర్జీ ఒక సభ్యుడి ద్వారా సభకి వస్తే దాన్ని చూసేది అది. అంచనాల కమిటీ, పెట్టిన డబ్బు పద్ధతిగా, పొదుపుగా ఖర్చవుతుందా అని చూసేది. 2024 నవంబర్లో దానికి మన మండపేట వేగుళ్ళ జోగేశ్వరరావు గారు చైర్మన్ అయ్యారు. ప్రజా పద్దుల కమిటీకి మన భీమవరం పులపర్తి రామాంజనేయులు గారు. అంటే మన డెల్టాలో ఇద్దరు ఎమ్మెల్యేల చేతుల్లో సర్కారు లెక్కలు అడిగే కమిటీలున్నాయి. పీఏసీ అయితే ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే కాగ్ రిపోర్టు పట్టుకుని అధికారుల్ని కూర్చోబెట్టి అడుగుతుంది, ఇంత డబ్బు ఇచ్చాం ఏం చేశారు అని. దాని కుర్చీ ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ, మన దగ్గర 2019 నుంచి 2024 దాకా పయ్యావుల కేశవ్ గారు ప్రతిపక్షం నుంచే చేశారు. ఈసారి ఆ లెక్క కుదరలేదు, ప్రతిపక్షం ఓటింగ్ ని బహిష్కరించింది. ప్రభుత్వాన్ని లెక్క అడిగేవాడు అవతలి పక్షం వాడైతేనే బాగుంటుందని నా నమ్మకం, ఏ పార్టీ గెలిచినా ఇదే మాట అంటాను.

కొబ్బరితోట_అంబాజీపేట
మాస్టారూ, 2011 లో మా కోనసీమ రైతులు క్రాప్ హాలిడే, అంటే పంట వెయ్యం అని ప్రకటించినప్పుడు కూడా కమిటీ వేశారు కదా, మోహన్ కందా గారిది. అది ఈ కమిటీల్లాంటిదేనా?

కోనసీమ_మాస్టారు
కాదండి, ఇక్కడే చాలామంది పొరబడతారు. అది ప్రభుత్వం వేసిన కమిటీ, ఐఏఎస్ గా చేసి రిటైరైన మోహన్ కందా గారి అధ్యక్షతన. ప్రభుత్వం వేసిన కమిటీ ప్రభుత్వానికే నివేదిక ఇస్తుంది. శాసనసభ కమిటీ స్పీకర్ కింద పని చేస్తుంది, ఎమ్మెల్యేలే సభ్యులు, నివేదిక సభ ముందుకి వస్తుంది, అధికారుల్ని పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం దానికుంది. పిలిస్తే రాకపోవడం సభా హక్కుల ఉల్లంఘన దాకా వెళ్తుంది. మంత్రులని ఇలాంటి ఆర్థిక కమిటీల్లో పెట్టరు, అడగాల్సింది వాళ్ళనే కాబట్టి.

క్రాప్ హాలిడే అంటే గుర్తొచ్చింది, అప్పుడు కూడా మన ప్రాంతం రైతులు చెప్పిన కారణాల్లో మురుగు నీటి సమస్య ఒకటి. అంతకు నూట యాభై ఏళ్ళకి పైగా ముందు కాటన్ దొర కాలవలు తవ్వించి నీళ్ళు తెచ్చాడు, వచ్చిన నీళ్ళు బయటికి పోయే దారి మాత్రం ఇప్పటికీ మన మెడ మీద కత్తిలాగే ఉంది.

పుంత_దారి
మాది పాత పెనుగొండ నియోజకవర్గం. 2009 ఎన్నికల నుంచి ఆ పేరే లేదు. మా డ్రైన్ పైన ఒక ఎమ్మెల్యే కింద ఒక ఎమ్మెల్యే. ఎవరిని అడగాలి?

గ్రూప్2_తపన
2001 జనాభా లెక్కలతో చేసిన డీలిమిటేషన్, అదే నియోజకవర్గాల పునర్విభజన అండి. మన పశ్చిమలో పెనుగొండ, అత్తిలి పోయాయి, నిడదవోలు కొత్తగా వచ్చింది, 16 కాస్తా 15. తూర్పులో కడియం, ఆలమూరు, నగరం, అల్లవరం, సంపర, బూరుగుపూడి, తాళ్ళరేవు లాంటివి పోయి, కొన్ని కొత్తవి వచ్చి 21 కాస్తా 19. మొత్తం 34 సీట్లు. రాష్ట్రం మొత్తమ్మీద 175 లో 29 ఎస్సీలకి, 7 ఎస్టీలకి రిజర్వు, మన వైపు అమలాపురం, రాజోలు, పి.గన్నవరం, కొవ్వూరు, గోపాలపురం, చింతలపూడి ఎస్సీ, రంపచోడవరం, పోలవరం ఎస్టీ. మీరు అడిగినదానికి, ఇద్దరినీ అడగండి, ఒకే ప్రశ్న మీద ఒకరి కంటే ఎక్కువ ఎమ్మెల్యేల పేర్లు ఉండొచ్చు. ప్రశ్నల జాబితా చూస్తే మూడు నాలుగు పేర్లతో బోలెడు ఉంటాయి. డ్రైన్ కి నియోజకవర్గం సరిహద్దు తెలీదు కదా.

కువైట్_నర్సాపురం
విప్ అంటే ఏంటి, మా నర్సాపురం ఎమ్మెల్యే గారు విప్ అన్నారు, తాడేపల్లిగూడెం ఆయన కూడా విప్ అన్నారు, మరి పేపర్లో విప్ జారీ చేశారు అని రాస్తారు. మనిషా కాగితమా?

లాయరమ్మ_కాకినాడ
రెండూ అన్నా. ప్రభుత్వ విప్ అంటే అధికార పక్షం సభ్యుల్ని హాజరు చూసుకుని, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో కూర్చుకుని సభలో సమన్వయం చేసే ఎమ్మెల్యే, వాళ్ళందరి మీద చీఫ్ విప్. పార్టీ విప్ జారీ చేసింది అంటే ఈ ఓటింగ్ లో ఇలాగే వెయ్యాలి అని తన సభ్యులకి ఇచ్చిన ఆదేశం. దాన్ని కాదంటే రాజ్యాంగం పదో షెడ్యూలు, 1985 లో వచ్చిన ఫిరాయింపుల చట్టం. పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తే సరి, లేకపోతే అనర్హత పిటిషన్, తేల్చేది స్పీకర్. 1992 లో సుప్రీంకోర్టు స్పీకర్ నిర్ణయం మీద కోర్టుకి వెళ్ళొచ్చు అంది. స్పీకర్లు ఏళ్ళ తరబడి తేల్చకుండా ఉంచడం అనే జబ్బు చాలా రాష్ట్రాల్లో ఉంది, నా వృత్తిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇదే.

మంత్రుల సంఖ్య కూడా చెప్పేస్తా, 2003 సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి సభలో 15 శాతం మించకూడదు, మనకి 26.

లాకుల_గట్టు
సభకి రాకపోతే పదవి పోద్దంట కదా, 60 రోజులకి

గ్రూప్2_తపన
దానంతటదే పోదు. సభ అనుమతి లేకుండా 60 రోజులు అన్ని సమావేశాలకీ రాకపోతే సభ ఆ సీటు ఖాళీ అని ప్రకటించవచ్చు, అంతే. పైగా ప్రోరోగ్ అయిన, అంటే సమావేశాలు ముగించేసిన రోజులు, వరసగా 4 రోజులు మించి వాయిదా పడిన రోజులు లెక్కలోకి రావు. మన సభ కూర్చునే రోజులే తక్కువ కదా మరి. ప్రమాణం చెయ్యకుండా సభలో కూర్చున్నా, ఓటేసినా మాత్రం రోజుకి 500 రూపాయల జరిమానా అని రాజ్యాంగంలోనే రాసుంది.

కొబ్బరితోట_అంబాజీపేట
నేను ఒకసారి వెలగపూడి వెళ్ళి గ్యాలరీలో కూర్చున్నానండి, ఎమ్మెల్యే గారి సిఫార్సుతో పాస్ ఇచ్చారు. ఫోన్ బయట పెట్టేయాలి. స్పీకర్ గారు ఎత్తులో, వారికి కుడి చేతి వైపు ప్రభుత్వ పక్షం, ఎడమ వైపు ప్రతిపక్షం. టీవీలో గొడవ జరిగిన క్లిప్పే వస్తది కానీ నేను కూర్చున్న రెండు గంటల్లో ఎవరూ అరవలేదు. ఒక బిల్లు ఒక్కో క్లాజూ చదువుతా, అనుకూలంగా ఉన్నవారు అవును అనండి, వ్యతిరేకులు కాదు అనండి, అవును అన్నవారిదే గెలుపు అని మూజువాణి ఓటుతో అయిపోయింది. ఒక్క సభ్యుడు లేచి డివిజన్ అడిగితే లెక్కపెట్టాలి, ఎవరూ అడగలేదు. నాకు మనసులో కాస్త వెలితిగా అనిపించింది, అంత పెద్ద చట్టం అంత తేలిగ్గా అయిపోతదా అని. మా తోట అమ్మినప్పుడు దస్తావేజు అంతకంటే ఎక్కువసేపు చదివారు.

కోనసీమ_మాస్టారు
ఆ వెలితి న్యాయమైనదేనండి. బడ్జెట్ డిమాండ్లు కూడా అంతే, ఒక్కో శాఖ పద్దు మీద చర్చించి ఓటెయ్యాలి, టైము అయిపోయాక మిగిలినవన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఓటింగ్ కి పెడతారు, దాన్ని గిలటిన్ అంటారు. జలవనరుల పద్దు రోజు మన డెల్టా ఎమ్మెల్యేలందరూ లేచి డ్రైన్ల గురించి అడగాలి, ఆ రోజు కోత తీర్మానం, అంటే ఆ పద్దులో డబ్బు తగ్గించమనే తీర్మానం ఇచ్చే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. ఏ రోజు ఏది, ఎంత సేపు అనేది సభా వ్యవహారాల సలహా కమిటీలో తేలుతుంది, సమావేశాల మొదటి రోజు స్పీకర్ అధ్యక్షతన కూర్చుంటారు, అన్ని పక్షాల నాయకులూ ఉంటారు. బీఏసీ అని పేపర్లో వచ్చేది అదే. ఇప్పుడు జలవనరుల మంత్రి నిమ్మల రామానాయుడు గారు మన పాలకొల్లు ఎమ్మెల్యేనే, గుర్రపు డెక్క అంటే ఏంటో ఆయనకి ఎవరూ విడమరచక్కర్లేదు.

సార్వారైతు_పగోజి
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. అంటే నేను చెయ్యాల్సింది, వచ్చే సమావేశాలకి ముందే ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్ళి జీరో అవర్ కాదండి, నక్షత్రం గుర్తు ప్రశ్న వెయ్యండి అని అడగాలి, పక్క నియోజకవర్గం ఆయన్ని కూడా పేరు కలపమనాలి, మొన్న మంత్రి గారు అన్నమాట హామీల కమిటీకి పంపమనాలి. అంతేనా? ప్రశ్న ఎలా రాస్తారో ఎవరన్నా నమూనా రాసి పెడతారా, నేను వాళ్ళ పీఏ గారికి ఇస్తా.

గ్రూప్2_తపన
నేను రాస్తా అన్నా. మన అసెంబ్లీ ప్రశ్నలు ఒకే ధోరణిలో ఉంటాయి, చూడండి.

జలవనరుల శాఖ మంత్రివర్యులు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేస్తారా.
(అ) ఫలానా మండలంలోని ఫలానా మీడియం డ్రైన్ లో పూడిక, గుర్రపు డెక్క కారణంగా గత మూడు సార్వా (ఖరీఫ్) పంటలు ముంపునకు గురైన విషయం వాస్తవమేనా.
(ఆ) అయితే, ఆ డ్రైన్ పూడికతీతకు గత మూడు సంవత్సరములలో పంపిన అంచనాలు ఎన్ని, మంజూరైన మొత్తం ఎంత, ఖర్చు చేసిన మొత్తం ఎంత.
(ఇ) పని ఎప్పటిలోగా పూర్తి చేయబడును.

లాయరమ్మ_కాకినాడ
చాలా బాగా రాశావమ్మా. ఒక్క మార్పు. (అ) లో ముంపునకు గురైన విషయం వాస్తవమేనా అంటే, అధిక వర్షాల వల్ల అని చెప్పి కాదండి అని జవాబు ఇవ్వొచ్చు. అప్పుడు (ఆ) కీ (ఇ) కీ ప్రశ్న ఉత్పన్నం కాదు అనేస్తారు, ఆ మాట జవాబుల్లో కొల్లలు. అందుకని డబ్బు ప్రశ్న (అ) లో పెట్టు. అంచనాలు ఎన్ని, మంజూరు ఎంత అని అడిగితే కాదండి అనడానికి ఉండదు, అంకె చెప్పాల్సిందే. గత మూడు సంవత్సరములు అనే బదులు ఏ ఏ సంవత్సరాలో రాయి. డ్రైన్ ఎన్నో కిలోమీటరు నుంచి ఎన్నో కిలోమీటరు దాకా అనేది కూడా ఉండాలి, లేకపోతే పైన ఎక్కడో తీసిన అర కిలోమీటరు చూపించి పని జరిగింది అంటారు.

సార్వారైతు_పగోజి
కిలోమీటరు రాళ్ళు గట్టు మీద సగం పూడిపోయాయండి, కాలవ చూసుకునే మా లస్కర్ కి తెలుసు. రేపు పొద్దున్నే దాళ్వా (రబీ) నారుమడి చూసుకుని అటే వెళ్తా, స్లూయిజ్ దగ్గర నుంచి సముద్రం వైపు నడిచి ఎక్కడెక్కడ పూడిందో ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను. పుంత_దారి గారూ, మీది ఇదే డ్రైన్ పై భాగమైతే మీరు కూడా మీ వైపు చూసి చెప్పండి.

పుంత_దారి
మాదే పై భాగం. రేపు నేను వస్తా అండి, వంతెన దగ్గర కలుద్దాం.